వీసా మెడికల్‌లో ఫిట్ అయితే సరిపోతుందా? ప్రోస్టేట్ పరీక్ష సంగతి

పోయిన ఎపిసోడ్ ప్రోస్టేట్ క్యాన్సర్ మీద చేశాం. విన్నాక వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, నేను గామ్కా మెడికల్‌లో ఫిట్ అయిన. ఇంక నాకెందుకు ఈ పరీక్ష?" మొత్తం మాటలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నాయి. ఈ ఒక్కదానికి మాత్రం విడిగా రాస్తున్నా.

గల్ఫ్ వీసా మెడికల్ ముఖ్యంగా చూసేది టి.బి., హెచ్.ఐ.వి., హెపటైటిస్ లాంటి అంటురోగాలను. ప్రోస్టేట్ సంగతి దానికి పట్టదు.

ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. వయసు పైబడితే అది ఉబ్బి, మూత్రం సన్నగా, ఆగి ఆగి రావడం మామూలే. అదంతా క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌తో చిక్కేమిటంటే, తొలి దశలో సాధారణంగా ఏ బాధా ఉండదు. నడుము నొప్పి అని డాక్టర్ దగ్గరికి పోయేసరికి ఎముకలకు పాకి ఉండొచ్చు. రోజంతా బరువులు మోసే మనిషి నడుము నొప్పికి పనినే తిట్టుకుంటాడు గానీ ఇంకోటి అనుకోడు గదా.

పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష ఈ లెక్క మార్చింది. అమెరికాలో 1986లో దీన్ని రోగం ఉన్నవాళ్లను గమనించడానికి, 1994లో కొత్త కేసులు పట్టడానికి అనుమతించారు. అప్పటినుంచి క్యాన్సర్ గ్రంథి దాటకముందే దొరకడం బాగా పెరిగింది.

ఆపరేషన్‌కు ఇది చాలా పెద్ద తేడా. గ్రంథిలోనే ఉన్నదాన్ని గ్రంథితో సహా తీసేయొచ్చు, ఎముకలకు పాకిన దాన్ని అట్లా తీసేయలేరు. ఇంకో సంగతి మనవాళ్లు అడగడానికి సిగ్గుపడతారు, నేనే చెప్తున్నా. అంగస్తంభనకు కావాల్సిన నరాలు గ్రంథిని ఆనుకొనే పోతాయి. పాత ఆపరేషన్లలో అవి తెగిపోయేవి. 1982లో జాన్స్ హాప్‌కిన్స్‌లో డాక్టర్ ప్యాట్రిక్ వాల్ష్ వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేశారు. కానీ క్యాన్సర్ వాటిదాకా పాకకుండా ఉంటేనే అది కుదురుతుంది. ఇప్పుడు రోబో సాయంతోనూ చేస్తున్నారు. రక్తం తక్కువ పోతుంది, తొందరగా ఇంటికి పోవచ్చు. మూత్రం పట్టు, లైంగిక శక్తి తిరిగి రావడం మాత్రం రోబో కంటే చేసే డాక్టర్ అనుభవం మీదే ఎక్కువ ఆధారపడుతుందని నేను నమ్ముతా.

రెండో వైపు కూడా చెప్పాలి. పి.ఎస్.ఎ. పెరిగిన నలుగురిలో దాదాపు ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. ఉన్నా, కొన్ని ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే మనిషిని జీవితాంతం ఏమీ చేయవు. వాటికీ ఆపరేషన్లు చేసి, చాలామందికి లేని కష్టం తెచ్చారు. అందుకే 2012లో అమెరికా నిపుణుల బృందం ఈ పరీక్ష వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్ల వాళ్లు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలంది. యూరప్‌లో పెద్ద అధ్యయనం 23 ఏళ్లు చూసింది. పరీక్షకు పిలిచిన ప్రతి 456 మందికి ఒక చావు తప్పింది.

ఇప్పుడు నంబర్ పెరగ్గానే కత్తి పట్టరు. చాలాచోట్ల ముందు ఎం.ఆర్.ఐ., అనుమానం ఉంటేనే ముక్క పరీక్ష. మెల్లగా పెరిగే రకమైతే ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకొని ఉంటారు. బ్రిటన్‌లో ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకొని ఉండటం, మూడింటినీ పోల్చి చూశారు. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్లలో 15 ఏళ్ల తర్వాత ఏ దారిలోనైనా దాంతో చనిపోయింది 100కి దాదాపు ముగ్గురే.

నా లెక్క ఇది. 50 దాటితే డాక్టర్‌ని అడగండి. నాయనకో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 45కే అడగండి. కంపెనీకి తెలుస్తుందని భయమైతే లీవుకు ఇంటికి పోయినప్పుడు చేయించుకోండి, రక్తం ఇస్తే చాలు. ముందు రెండు రోజులు సైకిల్ తొక్కడం, భార్యతో కలవడం వద్దు, నంబర్ పెరగొచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గి ఆరు వారాలైనా కానివ్వండి. ఫినాస్టరైడ్ గోళీలు వాడుతుంటే తప్పక చెప్పండి, అవి నంబర్‌ని సగానికి తగ్గిస్తాయి. రిపోర్టు ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చేసారి డాక్టర్ మొదట అడిగేది పాత నంబరే.