రైతు ముంగిట ట్రాక్టరు ఇంజన్ నూనె మార్పిడి: ప్లగ్ విప్పక ముందు, బిగించిన తరువాత

వారంటీ కాలం ముగిసిన తరువాత ట్రాక్టరు ఇంజన్ నూనెను పలువురు రైతులు స్వయంగా గాని, గ్రామంలోని మెకానిక్ సహాయంతో గాని ఇంటి ముంగిటనే మార్చుకొంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు. బండిని మండల కేంద్రానికి తీసుకొనిపోయి తిరిగి వచ్చేసరికి ఒక పూట గడచిపోతుంది; దమ్ముల కాలంలో ఆ ఒక్క పూట విలువ ఎంతటిదో క్షేత్రస్థాయిలో పనిచేసేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మన శిక్షణ కార్యక్రమాలలో ఈ పనిని ప్లగ్ విప్పడం, పాత నూనె దించడం, ఫిల్టరు మార్చడం, కొత్త నూనె పోయడం అనే నాలుగు చేష్టలుగా చూపి ముగిస్తున్నాము. ఈ నాలుగూ మెకానిక్ వద్ద ఒకసారి చూసినవారికి వచ్చేస్తాయి. ఎప్పుడు మార్చాలో నిర్ణయించడం, ఏ నూనె పోయాలో ఎంచుకోవడం, దించిన నూనె ఇంజన్ గురించి ఏమి చెబుతున్నదో గ్రహించడం, ఆపై దానిని ఎక్కడికి చేర్చాలో తెలియడం మాత్రం చూసినంతనే రావు. ఈ వ్యాసం ప్రధానంగా వాటిని గురించినది.

నలుపు రంగు కొలమానం కాదు

డిప్‌స్టిక్ తీసి చూసి, నూనె నల్లబడినది కనుక మార్చాలని రైతులు అనుకోవడం సర్వసాధారణం. డీజిల్ ఇంజన్లో పోసిన నూనె కొద్ది గంటలలోనే నల్లబడుతుంది. దహనంలో ఏర్పడిన మసి కణాలు పిస్టన్ రింగులను దాటి సంపులోకి చేరుతాయి. ఆ కణాలు ముద్ద కట్టకుండా విడివిడిగా తేలియాడేటట్లు చేసే రసాయనాలను నూనెలో ముందే కలుపుతారు. కావున నూనె నల్లబడడం అది తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. పని చేసిన తరువాత కూడా తేనె రంగులోనే మిగిలిన నూనెను చూసి సంతోషించనక్కరలేదు. మసి నూనెలో తేలక లోపలి భాగాలకు అంటుకొని ఉండవచ్చు.

నూనె నిజంగా అలసిపోయే మార్గాలు మూడు. మసి పెరిగి చిక్కబడడం మొదటిది. మండని డీజిల్ చేరి పలుచబడడం రెండవది. ఆమ్లాలను విరిచే క్షార గుణం తరిగిపోవడం మూడవది. డీజిల్‌లోని గంధకం నుండి పుట్టే ఆమ్లాలే ఒకప్పుడు ఈ మూడవ సమస్యకు ప్రధాన కారణం. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ఇంధనం వచ్చి, గంధకం పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములకు దిగిన తరువాత ఈ ఒత్తిడి తగ్గినది. మసి, దుమ్ము సంబంధమైన సమస్యలు మాత్రం ఎప్పటివలెనే ఉన్నాయి.

విద్యార్థులు, విస్తరణ కార్యకర్తలు పొలంలోనే చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. వేడిగా ఉన్న నూనె చుక్కను వడపోత కాగితంపై వేసి, కొన్ని గంటలపాటు కదపకుండా ఉంచాలి. మసి మధ్య నుండి అంచుల వరకు క్రమంగా పలుచబడుతూ వ్యాపిస్తే, దానిని తేలియాడించే శక్తి నూనెకు ఇంకా ఉన్నట్లు. మధ్యలో చిక్కని నల్లమచ్చ, దాని చుట్టూ స్పష్టమైన గీత, ఆ వెలుపల దాదాపు రంగులేని వలయం కనిపిస్తే ఆ శక్తి నశించినట్లు. ఇది ప్రయోగశాల విశ్లేషణకు ప్రత్యామ్నాయం కాదు. అయినప్పటికీ రెండు ట్రాక్టర్ల కాగితాలను పక్కపక్కన పెట్టి రైతులకు చూపితే గంటసేపటి ఉపన్యాసం అవసరం ఉండదు.

గంటల లెక్క

కొత్త ట్రాక్టరుకు మొదటి మార్పిడి సాధారణంగా 50 గంటల వద్ద, ఆ తరువాత అనేక నమూనాలలో 250 గంటలకు ఒకసారి సూచిస్తారు. తుది మాట మాత్రం ఆ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకానిదే. యాంత్రిక అవర్ మీటరు గడియారం వంటిది కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంజన్ నిర్దేశిత వేగంతో తిరిగినపుడే అది గంటకు ఒక గంట చూపుతుంది. నిదానంగా తిరిగినపుడు అంతకన్న తక్కువ చూపుతుంది.

మీటరు పనిచేయని పాత ట్రాక్టర్ల విషయంలో డీజిల్ చీటీలే ఆధారం. ట్రాక్టరు గంటకు సగటున 4 లీటర్లు వాడుతున్నదనుకొంటే, 1000 లీటర్లు పోయించినపుడు 250 గంటలు పూర్తయినట్లు. ఏడాదికి ఒకసారి సంక్రాంతికి ముందు మార్పించే అలవాటు ఉన్న రైతుకు ఈ లెక్క కాగితంపై వేసి చూపితే, తాను ఒకే నూనెతో ఎన్ని గంటలు నడిపినదీ అతనికే అర్థమవుతుంది.

వేసవి దుక్కులలో, ముఖ్యంగా పొడినేలలో రోటవేటరు తిప్పేటపుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోస్ మానంలో వీటి కాఠిన్యం 7. ఇంజన్ బేరింగుల మెత్తని లోహపు పూత వీటి ముందు నిలువదు. ఇటువంటి పని చేసిన ట్రాక్టరుకు గడువును కుదించుకోవడం మంచిది. అంతకంటె ముఖ్యంగా ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరును తరచుగా విప్పి కడిగి, గుర్తు వరకు కొత్త నూనె పోయాలి. సంపు నుండి దించిన నూనెను ఎయిర్ క్లీనరులో పోసే పొదుపు కొందరిలో ఉన్నది. దానిని మాన్పించాలి.

నూనె ఎంపిక

డబ్బాపై ఉండే 15W-40 వంటి గుర్తులో 40 అనేది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కదనానికి సంబంధించినది. ఆ ఉష్ణోగ్రత వద్ద స్నిగ్ధత 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల లోపు ఉండాలి. W అక్షరం శీతకాలాన్ని సూచిస్తుంది. గడ్డకట్టే చలి లేని మన ప్రాంతంలో దాని ప్రయోజనమేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. తెల్లవారుజామున చల్లబడి ఉన్న ఇంజన్‌ను తిప్పినపుడు, ఒకే శ్రేణికి చెందిన SAE 40 నూనె కంటె ఇది త్వరగా బేరింగులకు చేరుతుంది. ఆ తొలి క్షణాలలో జరిగే అరుగుదలను తగ్గించడమే దాని ప్రయోజనం. API గుర్తులో C తో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు, S తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు ఉద్దేశించినవి. CF-4 కన్న CH-4, దానికన్న CI-4 తరువాతి కాలపు ప్రమాణాలు.

కూరగాయలను మార్కెట్టుకు చేరవేసే పికప్ వాహనం కూడా అదే ముంగిట ఉన్నపుడు ఒక పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. పొగగొట్టంలో మసి వడపోత అమర్చిన బి.ఎస్.-6 పికప్‌లకు, మండినపుడు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేక నూనె కావాలి. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలినది దానిలో పోస్తే ఆ వడపోత బూడిదతో కాలక్రమేణా పూడిపోతుంది. దానిని మార్చే ఖర్చు ముందు నూనెపై ఆదా చేసినది ఏ మూలకూ చాలదు.

మార్చే విధానం

సమతలమైన చోట, గాలికి దుమ్ము లేవని వేళ బండిని నిలిపి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. వెచ్చబడిన నూనెతోపాటు మడ్డి కూడా దిగుతుంది. ఎక్కువ పని చేసి వచ్చిన వెంటనే విప్పితే మాత్రం చేతులు కాలుతాయి. విప్పడానికి ముందే ప్లగ్, ఫిల్టరు, నూనె పోసే మూత చుట్టుపక్కల మట్టిని గుడ్డతో తుడిచివేయాలి. రెండు నిమిషాల ఈ పనిని ఎవరూ చేయరు. బయటి మట్టి లోపలికి పోయే దారి మాత్రం అదే. నూనె దిగడానికి పావుగంట నుండి ఇరవై నిమిషాలు విడిచిపెట్టాలి. ప్లగ్ వాషరు కొత్తది వేయాలి.

ఫిల్టరు తీసినపుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకొని మిగిలిపోవడం కద్దు. దానిపైనే కొత్త ఫిల్టరు బిగిస్తే అప్పటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇంజన్ వేగం పెంచినపుడు రెండు రింగుల మధ్య నుండి నూనె చిమ్ముతుంది. ఒక శిక్షణ శిబిరంలో ఈ పొరపాటు మా చేతిలోనే జరిగినది. చుట్టూ నిలిచిన రైతుల పంచెలపై నూనె పడినది. ఆనాటి పాఠాలలో వారికి బాగా గుర్తున్నది అదొక్కటే అయి ఉంటుంది. పాత రింగు వచ్చినదో లేదో చేతితో తడిమి చూసి, కొత్త రింగుకు నూనె పూసి, అది తగిలిన తరువాత చేతితోనే సుమారు ముప్పావు చుట్టు బిగిస్తే చాలును. పానాతో బిగించరాదు.

నూనెను పై గుర్తుకు కొంచెం తక్కువగా పోయాలి. స్టాప్ నాబ్ ఉన్న ట్రాక్టర్లలో దానిని లాగి ఉంచి కొద్ది సెకన్లు స్టార్టరుతో తిప్పితే, ఇంజన్ అందుకొనకముందే నూనె పైకి చేరుతుంది. తరువాత నిదానంగా నడిపి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరినదని చూసి ఆపాలి. పది నిమిషాలకు మట్టం సరిచూసి, తగ్గినంత పోయాలి. ఎక్కువైనా మేలే అన్న అభిప్రాయం సరి కాదు. క్రాంక్ షాఫ్ట్ తగిలి నూనె నురుగు కడుతుంది. నురుగుకు బేరింగును మోసే బలం ఉండదు.

దించిన నూనె

దిగిన నూనెను వెలుతురులో పరిశీలించాలి. పాలు కలిసినట్లు బూడిదరంగులో ఉంటే రేడియేటరు నీరు గాని, దమ్ములో నడిచినపుడు పొలం నీరు గాని చేరినది. డీజిల్ వాసన వేస్తూ, మట్టం కిందటిసారి కంటె పెరిగి ఉంటే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగినదేమో చూడాలి. అటువంటి ఇంజన్‌లో కొత్త నూనె పోసి పంపితే కొద్ది రోజులలోనే అది కూడా పలుచబడుతుంది. ఎండలో మెరిసే లోహపు పొడి ఉంటే బేరింగులు అరుగుతున్నవి. దమ్ముల నడుమ క్రాంక్ పట్టివేయక ముందు రైతుకు అందే హెచ్చరిక ఇదే. కాలువ గట్టున పారబోసిన నూనెతో ఆ సమాచారమూ పోతున్నది.

వాడిన నూనెను బండి కొయ్యలకు, కంచె గుంజలకు చెదపురుగుల నివారణకై పూయడం, పశువుల గజ్జికి, పిడుదులకు రాయడం గ్రామాలలో చిరకాలంగా ఉన్నవే. కొన్ని పట్టణాలలో దోమల లార్వాల నివారణకు మురుగునీటిలో వదిలే నూనె బంతులలో కూడా దీనినే వాడుతున్నారు. అటువంటపుడు పారబోయవద్దని రైతుకు చెప్పడం మనకు కొంత ఇబ్బందికరమే. అయినా చెప్పవలసినదే. దీనిలో అరిగిన లోహాలు, మసితో వచ్చిన పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఈ సమ్మేళనాలలో కొన్ని క్యాన్సర్ కారకాలు. పశువు తన ఒంటిని నాకుతుంది. గజ్జికీ పిడుదులకూ పశువైద్యుని వద్ద మందులున్నాయి. పని చేసేవారు చేతి తొడుగులు ధరించాలి. నూనె తడిసిన గుడ్డలను జేబులో పెట్టుకొనరాదు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాలలో వాడిన నూనె మొదటి షెడ్యూలులోనే ఉన్నది. వీటికి 2023లో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి, వాడిన నూనె పునఃశుద్ధి బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినది. గ్రామం నుండి ఆ నూనె వారి వరకు చేరే దారి మాత్రం ఇంకా ఏర్పడవలసి ఉన్నది. ఒక గ్రామంలో 40 ట్రాక్టర్లు, ఒక్కొక్కదానికి ఏడాదికి మూడు మార్పిడులు, మార్పిడికి 8 లీటర్లు అనుకొంటే 960 లీటర్లవుతుంది. అంటే 210 లీటర్ల డ్రమ్ములు నాలుగున్నర. ఒక్కొక్క రైతు వద్ద ఉన్న 8 లీటర్ల కోసం ఏ పునఃశుద్ధి సంస్థా రాదు. నాలుగు డ్రమ్ములు ఒకచోట ఉంటే వచ్చే అవకాశం ఉన్నది. కస్టమ్ హైరింగ్ కేంద్రాలలో గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘాల గోదాములలో గాని మూత గట్టిగా బిగిసే ఒక డ్రమ్మును నీడలో, సిమెంటు నేలపై ఉంచితే ఈ పని ఆరంభమవుతుంది. ఆ డ్రమ్ములో నీరు, పెట్రోలు, పురుగుమందు కలువకూడదు; కలిస్తే మొత్తం నూనె శుద్ధికి పనికిరాకుండా పోతుంది. ఫిల్టరును బోర్లించి ఒక రాత్రి ఉంచితే దానిలో మిగిలినది కూడా డ్రమ్ముకు చేరుతుంది. ఖాళీ అయిన కొత్త నూనె డబ్బాకు అడుగున రంధ్రం చేసి మరీ పాత సామానువారికి ఇవ్వాలి. లేనిచో అదే డబ్బా కల్తీ నూనెతో నిండి మరొక రైతు ముంగిటికి రావచ్చు.