కర్ర చట్రం, మట్టి గోడ: భద్రాద్రి అడవి అంచు ఇళ్లు

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల కోయ గూడేల్లో పాత పద్ధతిలో కట్టిన ఇంటి బరువును మోసేది గోడ కాదు, కర్ర చట్రం. పంగ ఉన్న గుంజలను నేలలో పాతి, వాటిపై దూలాలు ఎత్తి, వాసాలు పరిచి, గడ్డితోనో తాటాకుతోనో నాటు పెంకుతోనో కప్పు వేస్తారు. గుంజల మధ్య ఖాళీని వెదురు తడికలతో మూసి మట్టి మెత్తుతారు. ఆపైన పేడతో అలుకుతారు.

మధ్యయుగాల యూరప్‌లో పట్టణాలకు పట్టణాలే ఈ సూత్రంతో వెలిశాయి. జర్మనీలోని క్వెడ్లిన్‌బర్గ్‌లో 14వ శతాబ్దపు కర్ర చట్రం ఇల్లు ఒకటి నేటికీ నిలిచి, మ్యూజియంగా మారింది. ఆ పాత పట్టణాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి ఇళ్ల వయసును దూలాల్లోని వార్షిక వలయాలే చెబుతాయి.

తడికపై మట్టి మెత్తిన గోడ పనితీరు దాని పదార్థాల్లోనే ఉంది. బంకమట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. అందులో కలిపిన గడ్డిపోచలు లాగుడును తట్టుకుని, పెద్ద పగులు పడకుండా ఆపుతాయి. మట్టి గాలిలోని తేమను పీల్చి మళ్లీ వదులుతుంది కాబట్టి గది ఉక్కపోత కొంత తగ్గుతుంది.

భూకంపంలో చట్రం విలువ మరింత తెలుస్తుంది. భద్రాచలం ప్రాంతాన్ని 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రత గల భూకంపం కుదిపింది. భూమి ఊగినప్పుడు భవనంపై పడే బలం దాని బరువును బట్టి పెరుగుతుంది. కర్ర, వెదురు తేలిక. పైగా కట్లు, అతుకులు కొంత కదులుతూ ఆ శక్తిని ఖర్చు చేస్తాయి. కశ్మీర్‌లో ధజ్జీ దేవారీ అనే కర్ర చట్రం ఇళ్లు 2005 భూకంపంలో చాలావరకు నిలిచింది ఈ గుణంతోనే.

నీరు, చెదలు ఈ ఇంటికి శత్రువులు. నేలలో పాతిన గుంజ మొదలు తేమకు పుచ్చుతుంది. యూరప్ ఇళ్లలో చట్రాన్ని రాతి పునాదిపై నిలపడం వల్ల ఆ ముప్పు తగ్గింది. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. అంతటి వరదకు మట్టి పూత కరిగిపోతుంది. చట్రం నిలిస్తే తడిక మార్చి మళ్లీ మెత్తుకోవచ్చు.

అందుకే ఇక్కడ శతాబ్దాల నాటి ఇంటిని వెతకడం కన్నా, తిరిగి కట్టగల నేర్పును కాపాడటం ముఖ్యం. భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం గిరిజనుల ఇళ్లను ఆరుబయట నిలిపి చూపుతోంది. అది విలువైన పనే. అయితే గుంజకు తగిన కర్రను ఎంచడం, తడిక అల్లడం, మట్టి పదును గుర్తించడం గూడెంలో చేతి నుంచి చేతికి అందవలసిన విద్యలు. వాటికి ముడిసరుకు అడవే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. ఆ హక్కు అమలైతే, యువతకు పని నేర్పితే, గుంజల కింద రాతి పీఠం వంటి చిన్న మార్పులు చేస్తే ఈ కట్టుబడి ముందు తరాలకూ పనికొస్తుంది.