తెరిచే ఫైలు – చేర్చుకొనే ప్లగిన్

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. పూర్వం కర్నూలు జిల్లాలో ఉన్న ఈ రెండు పట్టణాలూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరుగాంచింది. విగ్రహం కావలసినవారు ఒకప్పుడు కొలతలను కాగితంపై వ్రాసి పంపేవారు. నేడు ఆ నమూనా చిత్రం ఫైలు రూపంలో శిల్పి సెల్‌ఫోనుకు చేరగలదు. నంద్యాల డి.టి.పి. కేంద్రాలలో శుభలేఖలు, కరపత్రాలు అచ్చుకు సిద్ధమవుతాయి. అటువంటి కేంద్రాలకే రైతులు పాసుపుస్తకాల నకళ్ల కోసం, విద్యార్థులు దరఖాస్తుల కోసం వస్తారు. కనుక అక్కడి కంప్యూటరుకు కీడు వాటిల్లితే నష్టపోయేది దుకాణదారు ఒక్కడే కాదు.

ఇతరులు పంపిన ఫైలును తెరవడం ప్రమాదమా? ఇతరులు తయారుచేసిన ప్లగిన్‌ను కంప్యూటరులో చేర్చుకోవడం ప్రమాదమా? రెండింటా ప్రమాదమున్నది, కాని ఆ రెండూ ఒకే జాతివి కావు.

ఫైలు అంటే సమాచారం. చిత్రంగాని, ఉత్తరంగాని తనంతట తాను ఏ పనీ చేయలేదు. దానిని చదివే సాఫ్ట్‌వేరే పని చేస్తుంది. ప్లగిన్ అలా కాదు. అది స్వయంగా ఒక ప్రోగ్రాము. ఒక పెద్ద సాఫ్ట్‌వేరుకు కొత్త సౌకర్యాన్ని జోడించడానికి దానిలో చేరి, సాధారణంగా ఆ సాఫ్ట్‌వేరుకున్న అధికారాలలో పాలు పంచుకొంటుంది. వచ్చిన ఉత్తరాన్ని చదవడం వేరు. ఉత్తరం తెచ్చినవానికి ఇంటి తాళపుచెవులు అప్పగించడం వేరు.

తెలుగువారికి దీనిని మించిన ఉదాహరణ మరొకటి అక్కరలేదు. కంప్యూటరులో తెలుగు టైపు చేయడానికి చాలాకాలం ప్రత్యేకమైన కీబోర్డు సాఫ్ట్‌వేరును వేరుగా చేర్చుకోవలసి వచ్చింది. అటువంటి సాఫ్ట్‌వేరు పనిచేయాలంటే నొక్కిన ప్రతి మీటనూ గమనించాలి. గమనించకపోతే అక్షరం పుట్టదు. అయితే ‘అమ్మ’ అని టైపు చేసినా, బ్యాంకు పాస్‌వర్డు టైపు చేసినా దాని దృష్టికి రెండూ మీటలే. ఆండ్రాయిడ్ ఫోనులో బయటివారి కీబోర్డును చేర్చుకొనేటప్పుడు, టైపు చేసినదంతా అది సేకరించగలదని హెచ్చరిక కనబడడానికి కారణమిదే. ఆ హెచ్చరికను చదివి ఆగేవారు ఎందరో చెప్పడం కష్టం.

మరి ఫైలు నిరపాయకరమా? 2011లో బయటపడిన ‘డ్యూకు’ అనే దుష్ట సాఫ్ట్‌వేరు ఒక వర్డ్ ఫైలు ద్వారా ప్రవేశించింది. విండోస్ అక్షరాల ఫాంటును చదివే విధానంలో ఉన్న ఒక లోపాన్ని అది వాడుకొన్నది. ఫాంటు కూడా ప్రమాదహేతువు కాగలదంటే, పెన్‌డ్రైవులలో ఫాంట్లను ఇచ్చిపుచ్చుకొనే డి.టి.పి. రంగం ఆలోచించవలసిన విషయమే. మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం డిసెంబరులో లోపాన్ని సరిదిద్దింది. ఇక్కడొక భేదాన్ని గుర్తించాలి. ఫైలు వలన కలిగే ఈ రకమైన ప్రమాదానికి మూలం చదివే సాఫ్ట్‌వేరులోని లోపం. దానిని సరిదిద్దితే ఆ దారి మూసుకుపోతుంది. ప్లగిన్ ప్రమాదానికి మూలం మనమిచ్చిన అనుమతి. అనుమతికి మరమ్మతు లేదు, ఉపసంహరణ మాత్రమే ఉన్నది.

కొన్ని ఫైళ్లు తమలో ప్రోగ్రామును దాచుకొని వస్తాయి. 1999 మార్చిలో వ్యాపించిన ‘మెలిస్సా’ వర్డ్ ఫైలులోని మాక్రో రూపంలో వచ్చి, చిరునామాల పట్టికలోని మొదటి 50 చిరునామాలకు తన్ను తాను పంపుకొన్నది. ఇంటర్నెట్ నుండి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ తానుగా అడ్డగించడం 2022లో గాని మొదలుకాలేదు. ఇంత జాప్యం సమర్థనీయం కాదు.

ఇంకొన్ని అసలు ఫైలు వేషం వేసుకొన్న ప్రోగ్రాములు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుండి ప్రపంచమంతటా పాకిన ‘ఐ లవ్ యూ’ పేరు మధ్యలో ‘టిఎక్స్‌టి’ అని, చివర ‘విబిఎస్’ అని ఉండేది. విండోస్ ఆ చివరి భాగాన్ని చూపకపోవడం వలన జనులు దానిని ప్రేమలేఖ అనుకొన్నారు. ఆ ఎత్తే రూపం మార్చుకొని మన ఫోన్లకు వచ్చింది. 2024 నుండి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరిట ‘ఏపీకే’ ఫైళ్లు వస్తున్నాయని పలు రాష్ట్రాల పోలీసులు హెచ్చరించారు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్. నొక్కినవాడు శుభలేఖను తెరుస్తున్నాననుకొంటాడు. నిజానికి యాప్‌ను స్థాపిస్తున్నాడు. ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి కూడా ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీ మోసగానికి చేరుతుంది. శుభలేఖ చిత్రంగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో రావాలి. యాప్‌గా వచ్చేది శుభలేఖ కాదు.

నమ్మదగిన ప్లగిన్ ఎల్లకాలం నమ్మదగినదిగా ఉంటుందా? క్రోమ్ బ్రౌజరుకు ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే ఉపయోగకరమైన ప్లగిన్ ఉండేది. దానిని 20 లక్షలకు పైగా జనులు వాడారు. 2020లో దాని యాజమాన్యం చేతులు మారింది. అందులో హానికరమైన అంశాలున్నాయని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించింది. వాడుకరులు కొత్తగా ఏదీ చేర్చుకోలేదు, ఉన్నదే మారిపోయింది. తెరిచి మూసిన ఫైలుకు ఈ గుణం లేదు.

కనుక వచ్చిన ఫైలు పేరులోని చివరి భాగాన్ని చూడాలి. విండోస్‌లో అది కనబడేటట్లు అమర్చుకోవచ్చు. మాక్రోలను అనుమతించమని ఫైలు కోరితే, పంపినవారికి ఫోను చేసి అడగాలి. ప్లగిన్‌ను తయారీదారు స్థలం నుండే తీసుకొని, వాడనివాటిని తొలగించాలి. ఫోనులో ‘తెలియని యాప్‌ల స్థాపన’ అనుమతిని వాట్సాప్‌కు ఇవ్వరాదు. ఇంత జాగ్రత్తపడినా ఖాతాలోని డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే, ఆ సొమ్ము ఇతర ఖాతాలకు తరలిపోకముందే దానిని నిలుపుచేయడానికి అంత అవకాశముంటుంది.