నిజాము శబ్దార్థము: ఆసఫ్‌జాహీ వంశ వృద్ధిక్షయములు

సికింద్రాబాదునకు ఉత్తరమున, దండుప్రదేశము నానుకొని యున్న యాప్రాల్ మొదలగు గ్రామము లొకప్పుడు నిజాము రాజ్యములోనివి. నిజామనఁగా రాజని లోకవ్యవహారము. రూఢిచే నది సరియే, వ్యుత్పత్తిచేఁ గాదు. ఆ వంశచరిత్ర మంతయు నీ భేదమునందే యిమిడి యున్నది.

అరబ్బీ భాషలో 'న-జ-మ' ధాతువునకుఁ గూర్చుట, వరుసపఱచుట అని యర్థము. ముత్యములు గ్రుచ్చుటయు, పద్యము కట్టుటయు నీ ధాతువుచేతనే చెప్పఁబడును. ఉర్దూకవులు పద్యమును 'నజ్మ్' అనుట యిందువలననే. నిజామనఁగా వ్యవస్థ, ముల్కనఁగా రాజ్యము. భావార్థకమైన యీ శబ్దము రాజ్యమునకు వ్యవస్థ చేయువాఁ డని కర్తయందు రూఢమైనది. ఇఁక ఆసఫ్ అనునతఁడు సులేమాను ప్రభువునకు మంత్రి యని మహమ్మదీయ సంప్రదాయము. 'జాహ్' అనఁగా గౌరవపదవి. రెండు బిరుదములును మంత్రికిఁ జెల్లునవే కాని రాజునకుఁ జెల్లునవి కావు.

వీనిని బడసిన మీర్ ఖమ్రుద్దీన్ ఖాను ఔరంగజేబు కొలువునఁ బెరిగినవాఁడు. 1713 లో ఫరుఖ్‌సియరు పాదుషా యితనికి నిజాముల్ముల్క్ బిరుద మిచ్చెను. 1724 లో నితఁడు బెరారునందలి షకర్‌ఖేడా యొద్ద ముబారిజ్ ఖానుని జయించి దక్కను సుబాలను వశపఱచుకొనెను. అయినను దన పేర నాణెము ముద్రింపలేదు. ఖుత్బాలోఁ జదువఁబడినది ఢిల్లీ పాదుషా పేరే. వింత యేమనఁగా, లోలోపల ముబారిజ్ ఖానునకుఁ దోడ్పడిన మహమ్మదుషాయే మఱుసటి యేఁట విజేతకు ఆసఫ్‌జా బిరుద మొసఁగెను.

రుష్యాదేశపు రొమానోవు వంశముతోఁ బోల్చినచో నీ విశేషము స్పష్టమగును. 1613 లో నచటి ప్రతినిధిసభ పదునాఱేండ్ల మిహాయిలును రాజుగా నెన్నుకొనెను. అతఁడు ధరించిన 'జార్' శబ్దము రోమక చక్రవర్తి సీజరు పేరునకు వికృతి. పీటరు దానితోఁ దృప్తి చెందక 1721 లోఁ జక్రవర్తి బిరుదమును స్వీకరించెను. అచటఁ బేరును అధికారమును గూడ బెరిగినవి. ఇచట నధికారము పెరిగినను బేరు సేవకునిదే.

ఆ పేరు వంశమునకు రక్షయు నయ్యెను, బంధమును నయ్యెను. 1748 లో మూలపురుషుఁడు గతింపఁగా, మూఁడేండ్లలో నాసిర్ జంగు, ముజఫర్ జంగు లిరువురును హతులైరి. సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. నిజామలీ ఖాను 1766 లో వానిని ఆంగ్లేయులకు వదలెను. 1798 లో నాంగ్లేయసేనను దన రాజ్యమున నిలుపుకొన నంగీకరించి, దాని వ్యయమునకై 1800 లో బళ్లారి, కడప మొదలగు సీమల నిచ్చివేసెను. దత్తమండలము లనఁగా నివియే. ఆ 'దత్త' శబ్దము తెలుఁగువారికి ములుకువలెఁ దోఁచెను. కావుననే 1928 లో నంద్యాల సభయందుఁ జిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచించిరి. తెలుఁగుదేశము మూఁడు తునియలగుట కీ యొడంబడికలే కారణము. ఆ సేన విడిసిన దండే 1806 లో మూఁడవ నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదైనది.

1857 నాఁటి సిపాయిల తిరుగుబాటు పిదపఁ బాదుషా పదచ్యుతుఁడు కాఁగా, నాణెములపై ఆసఫ్‌జా పేరు తొలిసారిగాఁ జోటు చేసికొనెను. కాని స్వామి మాఱెనే కాని సేవకత్వము తీఱలేదు. 1918 జనవరిలో నాంగ్లేయ ప్రభుత్వము మీర్ ఉస్మానలీ ఖానునకుఁ దక్కిన సంస్థానాధీశులకు లేని మర్యాదానామ మిచ్చెనేకాని, రాజులకుఁ జెల్లు మర్యాద నియ్యలేదు. ఆ యేఁటనే జూలైలో, అంతకుముందే సింహాసనమును విడిచిన రెండవ నికొలాసు ఎకాతెరీన్‌బర్గులో సకుటుంబముగాఁ గాల్చి చంపఁబడెను. బెరారు విషయమున నిజాము సమానత్వము నడుగఁగా, 1926 లో రీడింగుప్రభువు అట్టి సమానత్వము లేదని వ్రాసి పంపెను.

1947 ఆగస్టు 15 వ తేదీతో నాంగ్లేయుల సార్వభౌమత్వము తొలఁగెను. స్వామి లేని నిజాము తాను స్వతంత్రుఁడ ననెను. ఆ స్వాతంత్ర్యమునకు మూలబలము లేదు. ప్రజలలో నధికసంఖ్యాకులు తెలుఁగు, మరాటీ, కన్నడములు మాటాడువారు; కొలువునను విద్యాలయములందును ఉర్దూయే ప్రధానము. నల్లగొండ, వరంగల్లు సీమలలో రైతులు 1946 నుండియు దొరలపైఁ దిరుగఁబడి యుండిరి. రజాకారుల దౌర్జన్యము మితిమీఱెను. 1948 సెప్టెంబరు 13 న భారతసేన ప్రవేశింపఁగా, 17 న నిజాము లొంగిపోయి, ఆ సేన బొలారము, సికింద్రాబాదులకు రావచ్చునని తెలిపెను. ఆ రెండింటి చేరువనే యాప్రాల్ గలదు. పూర్వుఁడు పరసేనను నిలిపిన తావుననే వంశాధికార మంతరించెను.

1950 జనవరి 26 న ఉస్మానలీ ఖాను రాజప్రముఖుఁ డయ్యెను. రాజులలోఁ బ్రముఖుఁ డని విగ్రహవాక్యము. భారత రాజ్యాంగమునకు లోఁబడిన యుద్యోగి యని యర్థము. మూలపురుషుఁడు ఢిల్లీ కుద్యోగియై యారంభింపఁగా, ఏడవ నిజామును ఢిల్లీ కుద్యోగియై ముగించెను. 1956 నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రముతోపా టా పదవియుఁ బోయెను. ఆతఁడు 1967 ఫిబ్రవరి 24 న హైదరాబాదులోనే మృతినొందెను.