గుట్ట పోతే శాసనమూ పోతుంది



దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లే మన హాస్టల్ విద్యార్థులు తెలంగాణ చరిత్ర పేపర్ కోసం శాసనాల పేర్లు బట్టీ పడుతుంటారు. వాటిలో ఒకటి మనకు చాలా దగ్గర్లోనే ఉంది. చైతన్యపురి నుంచి మూసీ వైపు వెళితే ఫణిగిరి కాలనీలో కొసగుండ్ల నరసింహస్వామి గుడి వస్తుంది. అక్కడి బండ మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. అది సుమారు 5వ శతాబ్దిది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం పేరు అందులో కనిపిస్తుంది. చార్మినార్ కట్టింది 1591లో. అంటే అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే మనం తిరిగే ఈ ప్రాంతంలో అక్షరం తెలిసినవాళ్లు ఉన్నారన్నమాట.

ఈ శాసనం కాగితం మీద లేదు, రాగిరేకు మీద లేదు. బండ మీద ఉంది. బండను పగలగొడితే శాసనం కూడా పోతుంది. హైదరాబాద్ చుట్టూ ఇళ్ల కోసం, రోడ్ల కోసం ఎన్నో గుట్టలను పగలగొట్టారు. గ్రానైట్ దొరికే జిల్లాల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకు ముందుగా చెప్పుకోవలసింది కరీంనగర్ జిల్లా గురించి.

బొమ్మలమ్మ గుట్ట

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి దగ్గరి గుట్టను బొమ్మలమ్మ గుట్ట అంటారు. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి ఉన్నాయి. వాటి కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఒక శాసనం ఉంది. దీన్ని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవిగా పేరుపొందిన పంపకవికి ఈయన తమ్ముడు. పంపకవి వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండేవాడు. ధర్మపురిని ఆ రాజు పంపకవికి అగ్రహారంగా ఇచ్చిన సంగతి ఈ శాసనంలో కూడా ఉంది.

తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు ఉన్నాయి. అవి 10వ శతాబ్ది నడిమి కాలానివి. నన్నయ్య భారతం 11వ శతాబ్దిలో వచ్చింది. అంటే దానికి సుమారు వందేళ్ల ముందే మన గడ్డ మీద కంద పద్యం రాయగలిగినవాళ్లు, దాన్ని రాతి మీద చెక్కగలిగినవాళ్లు ఉన్నారు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. మన భాష ప్రాచీనత గురించి మాట్లాడినప్పుడల్లా ఈ గుట్ట పేరు చెప్పుకుంటారు.

గ్రానైట్ సంగతి

అదే గంగాధర మండలంలో గ్రానైట్ క్వారీలు కూడా ఉన్నాయి. కరీంనగర్ రాయికి ‘టాన్ బ్రౌన్’, ‘మేపుల్ రెడ్’ అనే పేర్లతో విదేశాల్లో మంచి గిరాకీ ఉంది. పెద్ద పెద్ద దిమ్మెలు రేవులకు చేరి, ఓడలెక్కి చైనా దాకా పోతాయి. మన ఎల్.బి.నగర్‌లో కొత్త ఇల్లు కడితే వంటగట్టు మీద పరిచేది కూడా గ్రానైటే.

గ్రానైట్‌ను కంకర రాయిలా ముక్కలు చేయరు. డ్రిల్లింగ్ చేసి, డైమండ్ వైరుతో కోసి, దిమ్మెలుగా విడదీస్తారు. అవసరమైన చోట మందు పేలుస్తారు. శాసనం ఉన్న బండను ముట్టుకోకుండా పక్క బండను తీసినా కూడా అదురుకు పగుళ్లు రావచ్చు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగితే రాతి పైపొర ఊడిపోతుంది. అక్షరం లోతు ఎంతో ఉండదు కాబట్టి పైపొరతో పాటే పోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

దేశం మొత్తానికి ముఖ్యమైన కట్టడాలకు 1958 నాటి కేంద్ర చట్టం ఉంది. ఒక స్థలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాలంటే ముందు గెజిట్‌లో రెండు నెలల నోటీసు ఇస్తారు. అభ్యంతరాలు విన్న తర్వాత తుది ప్రకటన వస్తుంది. 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి కనీసం 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాష్ట్ర జాబితాలోని కట్టడాలకు ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి చట్టం ఉండేది. తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది.

ఇంత చట్టం ఉన్నా గుట్టలు ఎందుకు పోతున్నాయి? ఒకే గుట్ట మూడు శాఖల రికార్డుల్లో మూడు రకాలుగా ఉండటం ఒక కారణం. రెవెన్యూ శాఖకు అది ఒక సర్వే నంబరు. గనుల శాఖకు అది లీజుకు ఇవ్వదగిన రాయి. పురావస్తు శాఖకు అది చరిత్ర, అదీ ఆ శాఖ జాబితాలోకి ఎక్కితేనే. జాబితాలో లేని గుట్టకు 100 మీటర్ల లెక్క వర్తించదు. లీజు ఇచ్చిన తర్వాత శాసనం బయటపడితే వివాదం మొదలవుతుంది. లీజుకు ముందే జాబితాలో ఉంటే ఆ గొడవే ఉండదు. కాబట్టి గుట్టను కాపాడేది ముందుగా రాసుకున్న కాగితం.

అమెరికాలోని కొలరాడో కొండల్లో సిల్వర్టన్ అనే గనుల ఊరుంది. దాన్ని 1961లోనే జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. గని కార్మికుల ఊరు కూడా చరిత్రే అని వాళ్లు గుర్తించారు.

కూలి మాట

క్వారీలు మూసేయమని నేను అనడం లేదు. నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది క్వారీ కూలి డబ్బులతోనే. ఈ పత్రిక చదివే తమ్ముళ్లలో కూడా అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. గుట్టలన్నీ శాసనాల గుట్టలు కావు. ఏ గుట్టను తీయవచ్చో, ఏ గుట్టను తాకకూడదో లీజుకు ముందే తేలితే కూలికీ నష్టం ఉండదు, చరిత్రకూ నష్టం ఉండదు. తేల్చకుండా తవ్వి, మధ్యలో ఆపితే ముందుగా పని పోయేది కూలీలకే.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదట. మా తాతల గురించి రాసి పెట్టిన పుస్తకం ఏదీ మా ఇంట్లో లేదు. మనలో చాలామంది ఇళ్లలో అంతే. అలాంటి మనకు ఊరి గుట్ట, ఊరి చెరువు, రాతి మీది బొమ్మలే పుస్తకం. వాటిని పోగొట్టుకుంటే మనకు వేరే ప్రతి లేదు.

మనం చేయగలిగినవి

సెలవులకు ఊరు వెళ్లినప్పుడు గుట్ట మీద అక్షరాలు, బొమ్మలు కనిపిస్తే ఫోటో తీయండి. సున్నం, రంగు, నూనె పూయకండి, సుద్దతో దిద్దకండి. ఊరి పేరు, మండలం, సర్వే నంబరు రాసుకోండి. వాటితో పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాసి, రసీదు దగ్గర ఉంచుకోండి.

ఆ సర్వే నంబరులో లీజు ఉందా, దరఖాస్తు పెండింగులో ఉందా అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు దరఖాస్తు రుసుము లేదు.

పోటీ పరీక్షలో ఒక మార్కు కోసం జినవల్లభుడి పేరు గుర్తుపెట్టుకుంటాం. మన ఊరి గుట్ట మీద కూడా ఎవరి పేరైనా ఉందేమో ఈ సెలవుల్లో ఒకసారి ఎక్కి చూద్దాం.