చూరు కింద ప్లాస్టిక్ పలక: చెమ్మ ఎక్కడికీ పోదు

కోల్‌కతాలో వానాకాలం దగ్గరపడితే చాలు, "పీవీసీ ప్యానెల్ వేయించేయండి, చెమ్మ పీడ వదులుతుంది" అనే సలహా అపార్ట్‌మెంటు మెట్ల మీద ఊరికే దొరుకుతుంది. సన్‌షేడ్ కింద పెచ్చులూడుతున్నాయా? ప్యానెల్. వరండా కప్పుకు నల్ల మరకలా? ప్యానెల్. సాయంత్రానికల్లా అంతా తెల్లగా మెరుస్తుంది, ఇంటాయన గుండె కుదుటపడుతుంది. పైన పటారం, లోన ఏముందో ఇక ఎవరికీ కనపడదు.

ప్లాస్టిక్ తడవదు, నిజమే. కానీ నీళ్లు దిగుతున్నది పైనుంచి మహాప్రభో! ఏడాదికి సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరిది. సన్‌షేడ్ మీద వాలు లేక నిలిచిన నీరు పగుళ్లలోంచి ఇనుప చువ్వను చేరుతుంది. కాంక్రీటులోని క్షారగుణమే చువ్వకు కాపలా. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి దాన్ని హరిస్తుంది. ఆపైన నీరూ గాలీ తగిలితే తుప్పే. తుప్పుకు అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ చోటు కోసం కాంక్రీటును పగలదోస్తుంది. మనం పెచ్చు అంటున్నది దాన్నే. పైగా గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సన్‌షేడ్‌కు అసలు బలం పైవైపు చువ్వలదే. నీరు ముందు తినేదీ వాటినే.

ప్యానెల్ వేశాక ఇందులో ఏదీ ఆగదు. గాలాడక చెమ్మ ఇంకొంత కాలం నిలుస్తుంది. ఊడిన పెచ్చులు పలక మీద పోగుపడి, ఒకనాడు రెండూ కలిసి కింద నడిచేవాళ్ల మీద పడతాయి. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ల కార్నిస్‌లో మొలిచిన రావిమొక్క వేరు ఎంత లోతుకు దిగిందో, పలక బిగించాక చెప్పగలవాడెవడు?

"న్యూజెర్సీలో మావాళ్ల ఇంటికీ ఇదే ఉంది కదా!" ఉంది. అక్కడ దాన్ని వినైల్ సాఫిట్ అంటారు. ఆ చూరు చెక్క వాసాలది, పలకకు సన్నని చిల్లులుంటాయి. వాటిలోంచి గాలి అటకలోకి వెళ్లి కప్పు కొప్పు దగ్గర బయటపడుతుంది, చెక్క ఆరుతుంది. మన ప్యానెల్‌కు చిల్లూ లేదు, వెనక అటకా లేదు. సాటి ఎక్కడ?

బిగించి కొడితే గట్టిగా ఉంటుందనేది మరో మాట. 3 మీటర్ల పీవీసీ పలక 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చివర సందు వదలకపోతే వంకర్లు పోతుంది. గమ్ము చాలంటారా? 2020 మే 20న ఆంఫన్ తుఫాను గాలులు చూసినవాళ్లు ఆ మాట అనరు. ప్యానెల్ వేస్తే ఇల్లు చల్లబడుతుందట! గోడ బయటి చూరుకూ గదిలో వేడికీ సంబంధమేమిటో వాళ్లే చెప్పాలి. మంట తీసేస్తే పీవీసీ ఆరిపోతుంది, అబద్ధం కాదు. కాలినంతసేపూ వదిలే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

చెదలు పట్టదన్నది ఒప్పుకోక తప్పదు. ఈ ఊళ్లో అది చిన్న లాభమేమీ కాదు. అయితే పలక వెనక చౌకగా చెక్క బద్దెలు వేయించారో, చెదలకు చాటున విందు పెట్టినట్టే. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) చానెల్ వేయించండి.

దానికన్నా ముందు మేస్త్రీని పిలిచి సన్‌షేడ్‌ను సుత్తితో తట్టించండి. డొల్ల మోత వచ్చిన చోటల్లా పెచ్చు కొట్టించి, చువ్వ తుప్పు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్పించండి. చువ్వను తుప్పు సగం తినేసి ఉంటే అది మేస్త్రీ పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. పైన వాలు, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. అడుగున అంచు వెంబడి సన్నని గాడి ఉంటే నీరు అక్కడే తెగి కిందికి రాలుతుంది, గోడదాకా పాకదు. ఒక్క వానాకాలం గడిచి పొడిగా ఉందనుకున్నాక, అప్పుడు సరదా ఉంటే పలక వేసుకోండి, చిల్లులున్నది.

ఇప్పటికే వేయించినవాళ్లు వానలు మొదలయ్యేలోపు ఒక్క పలక ఊడదీయించి, టార్చి వేసి పైకి చూడండి.