పొర స్పీకరుకు పెట్టె స్పీకరు ఎందుకు తోడు?



మన 9వ తరగతి ధ్వని పాఠంలో తరంగదైర్ఘ్యం అనే మాట ఉంది. చానామంది దాన్ని బట్టీ పట్టి వదిలేస్తారు. ఆ మాట అర్థమైతే మన హాల్లో పాట ఎందుకు బాగుండటం లేదో కూడా అర్థమవుతుంది.

మా అన్న బెంగుళూరులో కరెంటు పనికి పోతాడు. అక్కడ ఒక ఇంట్లో తలుపు రెక్క మాదిరి నిలబెట్టిన స్పీకర్లు చూసినాడంట. మందం బెత్తెడు గూడా లేదు, వెనక పెట్టె లేదు. వాటిని ప్లానార్ స్పీకర్లు అంటారు. మామూలు స్పీకరులో అట్ట గరాటు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. వీటిలో గరాటు బదులు పలుచటి ప్లాస్టిక్ పొర ఆడుతుంది. కొన్నింటిలో పొర మీద సన్న తీగ అంటించి అయస్కాంతాల దగ్గర బిగిస్తారు. కొన్నింటిలో పొరను రెండు చిల్లుల రేకుల మధ్య ఎక్కువ ఓల్టేజితో ఆడిస్తారు. ఇంగ్లండులో పీటర్ వాకర్ గారి క్వాడ్ కంపెనీ 1957లో ఈ రెండో రకాన్ని అమ్మకానికి తెచ్చింది. పొర చానా తేలిక. అందుకని గొంతు, గజ్జెలు, తాళి మోత విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి.

లోతు శబ్దం, అదే బేస్ అంటారే, అది మాత్రం సరిగ్గా రాదు. ఎందుకంటే, పొర ముందుకు తోస్తే ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 3400 హెర్ట్జుల సన్న శబ్దానికి తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లే. 40 హెర్ట్జుల శబ్దానికి ఎనిమిదిన్నర మీటర్లు! అంత పొడుగు అలకు తలుపంత పొర ఒక అడ్డమే కాదు. వెనకది అంచు చుట్టి ముందుకొచ్చి కలుస్తుంది. నొక్కుడూ పలచనా కలిస్తే మిగిలేది ఏముంది? పైగా పౌనఃపున్యం సగమైతే, అంతే గట్టిగా వినిపించటానికి పొర నాలుగింతలు ఆడాల. దానికి అంత జాగా లేదు.

పాత రేడియో నుంచి ఊడదీసిన స్పీకరును మోగించి, దాని కొలతకు చిల్లు కోసిన పెద్ద అట్టకు ఆనించి చూడండి. పాట ఒక్కసారిగా లావెక్కుతుంది. సైన్సు సారు మాకు చూపించినారు. సబ్ ఊఫర్ పని గూడా ఇదే. వెనక గాలి ముందు గాలితో కొట్లాడకుండా పెట్టెలో పెడుతుంది.

ఇది మనకెందుకంటారా? మా తండాలో మా తాత నగారా వాయించేవాడు, పక్కన ఇంకొకాయన తాళి. తాత పోయి రెండేండ్లయింది. ఆయన వాయించింది అన్న ఫోనులో ఉంది. ఫోనులో వింటే కట్టె తగిలే టక్ టక్ వస్తుంది, తోలు పలికే దుమ్ రాదు. మా చిన్న చెల్లెలు నగారా అంటే టక్ టక్ అనే అనుకుంటాంది. మన హాల్లో రెండు చిన్న స్పీకర్లు, ఒక నల్ల సబ్ ఊఫర్ ఉన్నాయి గదా, వాటిలో పెట్టినాం. దుమ్ వచ్చింది గాని తాళిని మింగేసింది. గోడ పక్కన వాళ్ళకి గుండెలదిరినాయి, మధ్యలో వాళ్ళకి ఏమీ లేదు. నల్ల పెట్టె తీసేద్దామని కొందరన్నారు. తీసేస్తే మా తాత వాయించిన దాంట్లో సగం పోతుంది.

మనవి పొర స్పీకర్లు కావు, కానీ జత కలిపే పద్ధతి ఒకటే. పెట్టె వెనక మీటలున్నాయి. ఒకటి, పెట్టె ఎంత పౌనఃపున్యం దాకా పలకాలో చెప్పేది. దాన్ని క్రాస్ఓవర్ అంటారు. పొర స్పీకర్లకు మామూలుగా 50 నుంచి 100 హెర్ట్జుల మధ్య పెడతారు. 80 లోపు శబ్దం ఏ మూల నుంచి వస్తుందో చెవి పట్టుకోలేదు. మన చిన్న స్పీకర్లకు ఇంకా పైన పెట్టాల్సి వస్తుంది కాబట్టి పెట్టె స్టేజీ వైపే ఉండాల. ఇంకొక మీట మీద 0, 180 అని ఉంటుంది. స్పీకరు తోసేటప్పుడు పెట్టె లాగితే దుమ్ మాయం. రెండు వైపులా తిప్పి, ఏది నిండుగా ఉంటే అది ఉంచాల. తర్వాత సౌండు. తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచాల. పెట్టె ఆపినప్పుడే అది ఇంతసేపూ మోగిందని తెలియాల, అంతవరకే.

పొర స్పీకర్లతో ఈ పని ఇంకా కష్టం. అవి ముందుకూ వెనక్కూ పలుకుతాయి, పక్కలకు చానా తక్కువ. పెట్టె అన్ని వైపులా పలుకుతుంది. ఒక కుర్చీలో సరిపోయింది పక్క కుర్చీలో సరిపోదు.

పెట్టెకు చోటు వెతకటానికి ఒక తమాషా ఉపాయం ఉంది. పెట్టెను మనం కూర్చునే చోట పెట్టి పాట వేయాల. స్టేజీ గోడ వెంట పాకుతూ వినాల. దుమ్ ఎక్కడ సమంగా వినిపిస్తే పెట్టెను అక్కడ పెట్టాల. నవ్వొద్దు, ఖరీదైన స్పీకర్లు ఉన్నవాళ్ళు గూడా ఇట్లనే పాకుతారు.

వార్డెన్ మేడం గారికి మనవి. తలుపు మూస్తే తాళి ఆగుతుంది గాని లోతు శబ్దం గోడ దాటి పోతుంది. పక్క గదిలో 10వ తరగతి అక్కలు చదువుకుంటారు. కాబట్టి స్టడీ అవర్‌లో వద్దు, ఆటల పీరియడులో చేసుకుంటాము.

ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. దానికి ముందు ఆదివారం హాల్లో కలుద్దాం. పాకటానికి ఇద్దరు, మీటలు తిప్పటానికి ఒకరు కావాల. పేర్లు నాకు ఇవ్వండి.

— 9వ తరగతి విద్యార్థిని